నీళ్లు లేని గుట్ట మీద ఛత్రీ సైనికులు

ఈసారి సెనక్కాయ రేటు గురించి కాదు, బోర్ల గురించీ కాదు. యుద్ధకాలంలో విమానాల్లోంచి గొడుగులేసుకొని దూకే సిపాయిల గురించి రాస్తాండా. పోస్టు పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి. చదువుతా పోతే ఇందులో మన గోనెసంచి వస్తాది, మన నీళ్ల కరువు కూడా వస్తాది. అందుకే మీకు రాయాలనిపించింది.

మా పక్కూరి పిల్లోడు ఒకడు పారాచూట్ రెజిమెంట్‌లో చేరినాడు. శిక్షణ అయిపోయి ప్రమాణం చేసే రోజును కసమ్ పరేడ్ అంటారు, ఆ రోజు ఇంటోళ్లను పిలుస్తారు. వాళ్ల నాయన "అన్నా, నువ్వూ రా, ఆ హిందీ నాకు అర్థం కాదు" అంటే నేనూ బండెక్కినా. ఈ రెజిమెంట్ శిక్షణ కేంద్రం మనకు దగ్గరే, బెంగళూరులో. 1992లో ఆగ్రా నుంచి అక్కడికి మార్చినారు. టమోటా లోడు ఏసుకొని ఆ ఊరికి ఎన్నిసార్లు పోయింటామో లెక్క లేదు, ఇట్లాంటిది అక్కడుందని మాత్రం మాలో ఒకరికీ తెలీదు.

పరేడ్ అయినాక మ్యూజియం చూపించినారు. ఫోటోలు తీయనీలేదు కాబట్టి మీకు పెట్టేదానికి నా దగ్గర ఏమీ లేదు. పిల్లోళ్లంతా తుపాకుల కాడ గుమిగూడినారు. నేను ఒక పాత పటం ముందర నిలబడినా. మణిపూర్, నాగాకొండలు, అవతల బర్మా. అక్కడున్న సుబేదారు సాబ్ కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడతా ఒక చుక్క మీద వేలు పెట్టి, "సాంగ్‌షాక్, ఇక్కడ మూడడుగులు తవ్వితే బండ, తాగేదానికి నీళ్లు లేవు" అన్నాడు. మూడడుగుల మట్టి, కింద బండ, నీళ్లు లేవు! మన సేన్ల గురించి చెప్తాండాడా అనిపించింది. ఆ రోజు నుంచి దీని గురించి దొరికిందల్లా చదువుతా వచ్చినా.

ముందు ఈ దూకుడు సంగతి చెప్తా. విమానంలో ఒక తీగకు తాడు తగిలించి ఉంటాది, ఆ తాడు రెండో కొన సిపాయి వీపు మీదున్న మూటకు. మనిషి దూకగానే తాడే మూటను లాగి గొడుగు తెరుస్తాది, తన చేత్తో తెరిచే పని లేదు. మామూలుగా వెయ్యి, పన్నెండొందల అడుగుల ఎత్తు నుంచి దూకుతారు. మన బోర్లు అంతకంటే లోతుకు పోతాండాయి, ఆ లెక్కన ఎత్తు పెద్దదేం కాదు. నేల మీదికి వచ్చేదానికి ఒక నిమిషం కూడా పట్టదు. అయిదు దూకుళ్లు, అందులో ఒకటి రాత్రిపూట, ఇవి పూర్తి చేస్తే గుండె మీద రెక్కల గుర్తు కుడతారు. ఈ దూకే శిక్షణ ఇప్పటికీ ఆగ్రాలోనే.

ఈ పద్ధతిని యుద్ధంలో పెద్ద ఎత్తున వాడింది జర్మనీ. 1941 మే 20న గ్రీసు దేశానికి చెందిన క్రీట్ దీవి మీద వేలమందిని దింపింది. ఆ దీవి రైతులు కొడవళ్లు, కట్టెలు, తాతల కాలం వేట తుపాకులు పట్టుకొని వాళ్ల మీద పడినారు. జర్మన్లు దీవిని గెల్చుకున్నారు గానీ వేలమందిని పోగొట్టుకున్నారు, ఆ కోపంతో కాండనోస్ అనే ఊరిని నేలమట్టం చేసినారు. ఇంత నష్టం చూసి హిట్లర్ ఇంక ఇట్లాంటి పెద్ద దాడి వద్దన్నాడు. ఇంగ్లీషోళ్లు, అమెరికావోళ్లు మాత్రం అదే చూసి, మనకూ ఇట్లాంటి దళాలు కావాలనుకున్నారు.

మన దేశంలో 1941 అక్టోబరులో ఢిల్లీలో 50వ భారత పారాచూట్ బ్రిగేడ్ పుట్టింది. మూడు బెటాలియన్లు. 151 బ్రిటిష్ సిపాయిలది, 152 మనోళ్లది, 153 గూర్ఖాలది. 152 బెటాలియన్ డాక్టరు పేరు ఎ.జి. రంగరాజ్, మద్రాసు మనిషి. మన దేశంలో మొట్టమొదట పారాచూట్‌తో దూకిన కొద్దిమందిలో ఆయనొకడు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

రెండేళ్లకు పైగా దూకేది నేర్చుకున్నారు. 1944 మార్చి మొదట్లో మణిపూర్ కొండలకు పంపినారు. అక్కడ యుద్ధం ఏమీ రాదులే, అడవిలో తిరిగేది నేర్చుకుంటారు అని పంపినారంట. విమానంలోంచి దూకి కాదు, లారీల్లో, కాలినడకన పోయినారు. అదే నెలలో జపాన్ సైన్యం చింద్విన్ నది దాటి ఇంఫాల్, కోహిమా మీదికి బయలుదేరింది. వాళ్ల దారిలో మొదట తగిలింది ఈ బ్రిగేడే.

మార్చి 19న, 7378 అడుగుల ఎత్తున్న ఒక కొండ మీద 152 బెటాలియన్ సి కంపెనీ ఉండింది. 170 మంది. వాళ్ల మీదికి తొమ్మిదొందల మంది దాకా వచ్చినారు. ఒక రాత్రి, మర్నాడు పొద్దు, పోరాడినారు. కంపెనీ కమాండరు మేజర్ ఫుల్లర్ చనిపోయినాడు. బయటపడినోళ్లు ఇరవై మంది దాకా. మిగతా బ్రిగేడంతా వెనక్కి జరిగి సాంగ్‌షాక్ అనే ఊళ్లో ఒకచోట చేరింది.

సాంగ్‌షాక్ తంఖుల్ నాగాల పల్లె, ఉఖ్రూల్ దిక్కున ఉంటాది. గుట్ట మీద ఊరు, గుట్ట కొన మీద చర్చి. మనకంటే ఎన్నో రెట్లు వాన పడే సీమే అది, కానీ మార్చిలో వానలు ఇంకా రాలేదు. పైన ఉన్న వేలమందికి, గాడిదలకు చాలేటన్ని నీళ్లు గుట్ట మీద లేవు, చుట్టూ జపానోళ్లు కమ్ముకున్నాక కిందికి దిగి తెచ్చుకునేదానికి లేదు. కందకాలు తవ్వబోతే మూడడుగులకే బండ. గడ్డపారతో బండ మీద కొడితే చేతులు ఎట్లా జిల్లుమంటాయో మీకు నేను చెప్పేదేముంది. పైన ముళ్లతీగ కూడా లేదు, అడిగినా సమయానికి రాలేదు. సగం నడుము దాకా కూడా దాచుకోలేని గుంతల్లో కూర్చొని ఫిరంగి దెబ్బలు కాసుకున్నారు. ఫిరంగులు మోసుకొచ్చిన కంచర గాడిదలు చచ్చి పడినాయి, వాటిని పూడ్చేదానికీ మట్టి లేదు. ఆ వాసనలోనే తిండి, ఆ వాసనలోనే డాక్టరు రంగరాజ్, ఆయన తోటి డాక్టర్లు కోత ఆపరేషన్లు చేసినారు.

ఇప్పుడు నాకు బాగా మనసుకు తగిలిన సంగతి. వీళ్ల కోసం విమానాలు వచ్చేవి. మందుగుండు, తిండి, నీళ్లు పారాచూట్లకు కట్టి వదిలేవి. గుట్ట మీద వీళ్ల చేతిలో ఉన్న చోటు చిన్నది. గాలికి గొడుగులు కొట్టుకుపోయి ఎక్కువ భాగం జపానోళ్ల చేతిలో పడేవి. పారాచూట్ నేర్చినోళ్లు కింద నోరు ఎండి కూర్చొని, తమ కోసం వచ్చిన పారాచూట్లు శత్రువు దిక్కుకు పోతాంటే చూస్తా ఉన్నారు. జూలైలో మబ్బు మన ఊరి మీద నల్లగా కమ్మి, మన సేన్లు దాటి పోయి ఎక్కడో కర్ణాటకలో కురుస్తుందే, ఆ చూపు మనకు తెలుసు. వాళ్లకు దాంతోపాటు తుపాకీ గుండ్లు కూడా తగుల్తాండాయి, అంతే తేడా.

మార్చి 26 దాకా నిలబడినారు. చర్చి ఉన్న కొనను జపానోళ్లు పట్టుకోవడం, మనోళ్లు తిరిగి లాక్కోవడం. ఆ సాయంత్రం, దారి చేసుకొని ఇంఫాల్‌కు వచ్చేయండి అని ఆర్డరు వచ్చింది. రాత్రి చీకట్లో గుంపులు గుంపులుగా దిగిపోయినారు. నడవగలిగిన గాయపడ్డోళ్లను తీసుకుపోయినారు. నడవలేనోళ్లను అక్కడే వదిలేయాల్సి వచ్చింది. ఈ ఒక్క వాక్యం రాసేదానికి నాకు చేయి ఆడలేదు, ఆ పని చేసినోళ్లకు ఎట్లుండిందో. బ్రిగేడ్‌లో చచ్చినోళ్లు, గాయపడినోళ్లు, కనపడకుండా పోయినోళ్లు కలిపి సుమారు 600 మంది. 152 బెటాలియనే అందులో ఎక్కువగా నలిగిపోయింది.

అంత చేస్తే మొదట దక్కింది నింద. ఓడి పారిపోయి వచ్చినారు అన్నట్టు చూసినారు, బ్రిగేడియర్ హోప్ థాంసన్ హోదా కూడా తగ్గించినారు. కోహిమా దిక్కు పోతాండిన జపాన్ దళం ఆ గుట్ట కాడ వారం రోజులు ఇరుక్కొని, మనుషుల్నీ మందుగుండునూ పోగొట్టుకుంది. ఆ వారంలో కోహిమాలో ఉన్న కొద్దిపాటి దండు కుదురుకుంది. కోహిమా ముట్టడి మొదలైంది ఏప్రిల్ 4న. ఈ గుట్ట అడ్డం రాకుంటే ఇంకా ముందే, ఎవరూ సిద్ధంగా లేనప్పుడు మొదలయ్యేది. ఆ ఆగస్టులో గానీ 14వ సైన్యం సేనాని జనరల్ స్లిమ్ ఈ సంగతి రాతపూర్వకంగా ఒప్పుకోలేదు.

స్లిమ్ పేరు వచ్చింది కాబట్టి గోనెసంచి కథ.

బర్మా యుద్ధంలో అడవుల్లో, కొండల్లో ఉన్న సైన్యానికి సరుకులన్నీ విమానాల్లోంచి వేయాల్సిందే. దానికి లక్షల్లో పారాచూట్లు కావాలి. పట్టు దొరకదు, నైలాన్ లేదు, ఉన్నవన్నీ యూరప్ యుద్ధానికి పోతాండాయి. మీకు తర్వాత పంపిస్తామన్నారు. అప్పుడు స్లిమ్, సరుకుల వ్యవహారం చూసే ఆయన మనుషులు కలకత్తా జనపనార మిల్లుల వాళ్లను అడిగినారు, జనపనారతో పారాచూట్ నేయగలరా అని. నాలుగైదు రకాల నేత, కోత మార్చి మార్చి చూసి చేసేసినారు. దానికి పారాజూట్ అని పేరు పెట్టినారు. మనిషి దూకేదానికి పనికి రాదు గానీ సరుకు దింపేదానికి అసలు పారాచూట్ చేసే పనిలో నూటికి 85 వంతులు చేస్తాదని స్లిమ్ లెక్క చెప్పినాడు. అసలుది 20 పౌండ్లు దాటితే ఇది ఒక పౌండు చిల్లర. అప్పటి మన రూపాయల్లో అది రెండొందల అరవై పైమాట, ఇది పదమూడో పద్నాలుగో.

చెప్పకుండా చేసినావని, పెద్దాఫీసుల్ని దాటిపోయినావని ఆయన మీద సణిగినోళ్లు కూడా ఉండినారంట. ఎక్కడైనా ఇంతే మరి.

మనం సెనక్కాయలు నింపే గోతం ఏ నారతో నేస్తారో ఆ నారే ఇది. మన ఆయిల్ మిల్లుల కాడ పడేసిన చినిగిన గోతాన్ని చూస్తే ఇప్పుడు నాకు వేరేగా కనపడతాది. అయితే ఇంకోటి కూడా చెప్పాల. జనపనార పండించేది బెంగాల్ రైతు. నడుము లోతు నీళ్లలో నిలబడి, కుళ్లిన కట్టెల నుంచి నార ఒలిచేది ఆయన కూలోళ్లు. అదే బెంగాల్‌లో 1943లో కరువొచ్చి ఇరవై లక్షల నుంచి ముప్పై లక్షల మంది చనిపోయినారు. ముందు పోయినోళ్లు కూలోళ్లు, పడవలు నడిపేటోళ్లు, చేపలు పట్టేటోళ్లు, గుంట, అరెకరా ఉన్నోళ్లు. బియ్యం లేక కాదు, బియ్యం ధర అందక, యుద్ధం పేరు మీద పడవలూ బియ్యమూ ఎత్తుకుపోయినందుకు. కొండ మీద సిపాయికి అన్నం దింపిన గొడుగుకు నార ఇచ్చిన సీమలోనే జనాలు అన్నం లేక రోడ్ల మీద పడినారు. ఏ మ్యూజియంలోనైనా తుపాకీ చేసిన కంపెనీ పేరు ఉంటాది. నార ఒలిచినోళ్ల ఫోటో ఒకటి పెడితే ఏం పోతాది?

ఇంక దూకుడు సంగతికొస్తే, ఆ యుద్ధంలో మన పారాచూట్ దళాలు నిజంగా విమానం నుంచి దూకి చేసిన పెద్ద దాడి ఒక్కటే. 1945 మే 1న రంగూన్ నది ముఖద్వారం కాడ ఎలిఫెంట్ పాయింట్ మీద గూర్ఖా పారాచూట్ బెటాలియన్ దూకింది. అప్పటికే జపానోళ్లు రంగూన్ ఖాళీ చేసి పోయినారు, అక్కడ మిగిలింది కొద్దిమందే. ఆ రాత్రి పెద్దవాన. పోయిన ఏడాది నీళ్లకు అల్లాడిన బ్రిగేడ్ అన్నదమ్ములు ఈ ఏడాది నీళ్లలో నానినారు.

1947లో దేశంతో పాటు పారాచూట్ దళాన్ని కూడా పంచినారు. అదే 50 బ్రిగేడ్ కాశ్మీర్‌లో నౌషేరా, ఝంగడ్ కాడ పోరాడింది, అప్పుడు కూడా నేల మీదే. దాని కమాండరు బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్. పాకిస్తాన్ సైన్యంలోకి రమ్మంటే పోనన్న మనిషి. ఝంగడ్ తిరిగి గెలిచేదాకా మంచం మీద పడుకోనని చాప మీద పడుకున్నాడు. గెలిచినాడు. 1948 జూలై 3న అదే ఝంగడ్‌లో ఫిరంగి గుండు తగిలి పోయినాడు.

డాక్టరు రంగరాజ్ మళ్లీ వస్తాడని చెప్పినా కదా. సాంగ్‌షాక్ నుంచి బతికొచ్చి, 1950 నవంబరులో కొరియా యుద్ధానికి పోయినాడు. మన దేశం అక్కడికి సిపాయిల్ని పంపలేదు, 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్యదళాన్ని పంపింది. దానికి ఆయనే కమాండరు. పోయిన కొద్ది రోజులకే చైనా సైన్యం విరుచుకుపడి, ఐక్యరాజ్యసమితి సేనలన్నీ ప్యాంగ్యాంగ్ వదిలి వెనక్కి పరుగు. వీళ్ల ఆస్పత్రి సామాను మోసేదానికి లారీలు లేవు. సామాను వదిలేసి రమ్మన్నారు. మందులు, పరికరాలు వదిలేస్తే ఇంక మేమెందుకు అనుకొని, స్టేషన్లో వదిలేసిన ఒక బొగ్గింజను, కొన్ని పెట్టెలు చూసుకున్నారు. దళంలో ఇంజను నడిపే పని తెలిసినోళ్లు ఉండినారు. ఇంజనుకు నీళ్లు కావాలి. వరసగా నిలబడి చేతి నుంచి చేతికి బక్కెట్లు అందించి నింపినారు. బ్రిడ్జి పేల్చేసే లోపల రైలు నది దాటింది. మా ఊర్లో 1980ల కరువులో ట్యాంకరు కాడ మా అమ్మోళ్లు అట్లనే వరస కట్టి బిందెలు అందించుకునేది నాకు గుర్తుకొచ్చింది.

1951 మార్చి 23న అమెరికా పారాచూట్ దళం మున్సాన్ కాడ దూకితే రంగరాజ్, ఆయన మనుషులు ఓ పన్నెండు మంది వాళ్లతో పాటు దూకినారు. వీళ్లు పోయింది చంపేదానికి కాదు, కుట్లు వేసేదానికి. ఆ దళం 1954 దాకా అక్కడ ఉండి సుమారు 2 లక్షల మందికి వైద్యం చేసింది, సిపాయిలే కాదు, ఊరి జనాలకు కూడా. రంగరాజ్‌కు మహావీర చక్ర ఇచ్చినారు. నన్నడిగితే ఆ మ్యూజియంలో అన్నిటికంటే పెద్ద ఫోటో ఆయనది పెట్టాల.

1971 సంగతి చాలామందికి తెలుసు కాబట్టి కొంచెమే రాస్తా. డిసెంబరు 11న తంగైల్ కాడ 2 పారా బెటాలియన్ సుమారు 700 మంది దూకి పుంగ్లీ బ్రిడ్జి పట్టుకున్నారు. డిసెంబరు 16న ఢాకాలోకి మొదట అడుగుపెట్టినోళ్లు వీళ్లే. చెల్లాచెదురుగా వరిమళ్లలో, కుంటల్లో పడిన సామాను వెతికి నెత్తిన పెట్టుకొని తెచ్చిచ్చింది అక్కడి పల్లె జనాలు. క్రీట్‌లో రైతులు కొడవళ్లు ఎత్తినారు, తంగైల్‌లో రైతులు మూటలు ఎత్తినారు. ఎవరు ఏంటికి దిగినారనేది కింద ఉన్నోడికి తెలిసిపోతాది.

ఇదంతా ఏంటికి రాస్తాండానంటే, మా చెరువు కట్ట మీద పొద్దున నాలుగున్నరకే ఇరవై మంది పిల్లోళ్లు పరుగెత్తుతాండారు. వాళ్ల ఫోన్లలో ఉండేది కమాండోలు విమానం నుంచి దూకే వీడియోలే. ఆ దూకుడు నిమిషం పని. ఆ నిమిషం తర్వాత ఉండేది సాంగ్‌షాక్. వాళ్ల నాయన్లు నన్ను అడుగుతారు, పంపించొచ్చా అని. వాన లేక పంపుతాండారని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. పిల్లోడు దేశం కోసమే పోతాండాడని కూడా తెలుసు. రెండూ నిజమే. మన చిత్తూరు దిక్కు కురబలకోట మండలం రైతు బిడ్డ సాయితేజ పారా కమాండో అయినాడు, 2021 డిసెంబరు 8న కూనూరు కాడ జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ కూలి పోయినాడు. పోయిన 2025 మే నెలలో మన గోరంట్ల మండలం కళ్లి తండా అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో పోయినాడు, ఆయన ఫిరంగి దళం. ఆ ఇండ్లకు పోయి వచ్చినోళ్లు మనలో ఉండారు. అందుకే నేను పంపు అనీ అనను, వద్దు అనీ అనను. పిల్లోడికి సాంగ్‌షాక్ కథ చెప్పు, విన్నాక కూడా పోతానంటే పోనీ అంటాను.

చివరగా ఒక పని చెప్తా. రెండో ప్రపంచ యుద్ధానికి మద్రాసు రాష్ట్రం నుంచి పోయినోళ్లు ఎంతోమంది. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరి పేరే మారిపోయేటంత మంది పోయినారు. మన పల్లెల నుంచి కూడా "బర్మా తాత", "మిలిటరీ తాత" అని పిలిపించుకున్నోళ్లు ఉండినారు, ఇప్పుడు లేరు. వాళ్ల ట్రంకు పెట్టెలో డిశ్చార్జి కాగితం, రంగు పోయిన రిబ్బన్‌తో ఒక నక్షత్రం పతకం ఉంటే పాత ఇనుముకు వేయొద్దు. కాగితం మీద నంబరు, దళం పేరు ఉంటాయి. తిరిగి రానోళ్ల పేర్లను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వాళ్లు ఫోన్లో ఊరికే వెతుక్కునేటట్టు పెట్టినారు. కొందరి పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఇంగ్లీషోళ్లు రాసుకున్న స్పెల్లింగు కాబట్టి ఒకే పేరును నాలుగు రకాలుగా కొట్టి చూడాల. నాకు వెతికేది అలవాటయింది. మీ తాతల నంబరు, పేరు రాసిస్తే రాత్రిపూట కరెంటు కోసం మోటరు కాడ కూర్చున్నప్పుడు వెతికి పెడతా.